బెంగ తీసే మాత్ర

డాక్టర్ భ్రమరాంబ ప్రయోగశాల తుడిచే తవిటమ్మ ఎవరు పలకరించినా నవ్వేది. పార్వతీపురం అవతల కొండల దగ్గరి ఊరు ఆమెది. వయసు ముప్పైకి మించదు. చేతిలో మాప్ కర్ర పట్టుకుని గోడవారగా నడుస్తూ వచ్చేది, పని ముగించుకుని అలాగే వెళ్లిపోయేది. ఆమె వచ్చిందని తెలిసేది నేల తడిగా ఉండటం వల్లే.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఒక భవనం మూడో అంతస్తులో ఉండేది ఆ ప్రయోగశాల. చెమటలో ఉండే పదార్థాలను బట్టి జబ్బులను ముందే పసిగట్టాలని భ్రమరాంబ ఏళ్ల తరబడి తంటాలు పడుతోంది. ఒక మధ్యాహ్నం ఆమె సహాయకుడు యోహాను కొత్తగా బిగించిన యంత్రాన్ని సరిచూడటానికి, చేతికందిన వస్తువునల్లా దూదితో తుడిచి అందులో పెడుతున్నాడు. తలుపు గొళ్లెం, తన టీకప్పు, భ్రమరాంబ కుర్చీ చెయ్యి, చివరికి మూలన ఆనించి ఉన్న మాప్ కర్ర.

కర్ర దగ్గరికి వచ్చేసరికి తెర మీద గీత నిట్టనిలువుగా లేచి పైఅంచు దాటిపోయింది.

"మేడమ్, ఇది మనిషి చెమటేనంటారా?" అన్నాడు యోహాను.

మళ్లీ చేసినా అదే వచ్చింది. తవిటమ్మను పిలిచి అరచేతిని దూదితో అద్ది చూశారు. అదే గీత.

"ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగింది భ్రమరాంబ.

"ఏటీ నేదమ్మా."

"ఇంటి దగ్గర ఏమైనా కష్టమా?"

"ఏటీ నేదు." నవ్వింది. నవ్వుతూనే ఆమె కళ్లు ఒక్క క్షణం గుమ్మం వైపు వెళ్లి వచ్చాయి. గుమ్మంలో ఆమెను పనికి పంపే కంట్రాక్టరు మనిషి నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

ఆ చూపు భ్రమరాంబ మనసులో గుచ్చుకుంది. కాలేజీలో తనతో చదువుకున్న నసీమా కార్మికశాఖలో అధికారిణి. ఆమెకు చెప్పింది. ఇద్దరూ పనివాళ్లను తీసుకెళ్లే వ్యాను వెనకే వెళ్లి, గాజువాక దాటాక ఒక గోడౌను దగ్గర ఆగారు. షట్టరుకు బయటినుంచి తాళం. లోపల పాతికమందికి పైగా ఆడవాళ్లు. వాళ్ల ఫోన్లు, ఆధార్ కార్డులు కంట్రాక్టరు బీరువాలో ఉన్నాయి. పనికి తప్ప వాళ్లు ఆ గడప దాటి ఎన్నేళ్లయిందో వాళ్లకే సరిగ్గా తెలియదు.

షట్టరు ఎత్తాక కూడా ఎవరూ బయటికి రాలేదు. చివరికి తవిటమ్మే లేచి నిలబడి, "నిజింగా ఎల్లిపోవచ్చా అమ్మా?" అని అడిగింది. ఊళ్లో తల్లి దగ్గర వదిలి వచ్చిన కూతురి పేరు మౌనిక. బస్టాండు దాకా ఆ పేరే తలుచుకుని ఏడుస్తూనే ఉంది.

ఆ గీత వెనక ఉన్న పదార్థానికి భ్రమరాంబ 'నిర్బంధిన్' అని పేరు పెట్టింది. మామూలు భయం చెమటలో కొద్దిపాటి జాడ వదిలి, కొన్ని గంటల్లో ఒంట్లోంచి దిగిపోతుంది. బయటపడే దారి లేదని తెలిసి నెలల తరబడి బతికే మనిషిలో మాత్రం ఆ భయం విరిగి, మరో రూపంలో చెమటలోకి చేరుతుంది. మనిషి నోరు విప్పక్కరలేదు. కర్ర పిడి తుడిచి చూస్తే చాలు. జనం దాన్ని కర్ర పరీక్ష అన్నారు. పేపర్లలోనూ అదే పేరు స్థిరపడింది.

తర్వాత కొన్నేళ్లలో అది చట్టమైంది. ఆసుపత్రి గాని, మాల్ గాని, విమానాశ్రయం గాని శుభ్రం చేసే పని ఒక కంపెనీకి ఇవ్వాలంటే ఆ కంపెనీ కర్ర పరీక్షలో నెగ్గాలి. ఎరుపు వస్తే కేసు. ఆకుపచ్చ వస్తే ధ్రువపత్రం. ధ్రువపత్రం ఉన్నచోట అధికారులు చెప్పాపెట్టకుండా తనిఖీకి వెళ్లకూడదని కంపెనీలు పట్టుబట్టి ఒక నియమం రాయించుకున్నాయి. నసీమా అది వద్దంది. "యంత్రం లంచం తీసుకోదు కదా" అని ఆమెకు సర్దిచెప్పింది భ్రమరాంబే.

ఊళ్లో పని దొరక్క తవిటమ్మ మళ్లీ పట్నం వచ్చింది. తిన్నగా ప్రయోగశాలకే వచ్చి, "మంచి కంపినీ ఏదో నువ్వే సెప్పమ్మా" అంది. భ్రమరాంబ కంప్యూటర్లో చూసింది. ధవళ సర్వీసెస్ అనే కంపెనీకి ఒక్కసారి కూడా ఎరుపు రాలేదు. "అక్కడికి వెళ్లు. నేను చెప్పానని చెప్పు" అంది సంతోషంగా.

*

ఆమెను మళ్లీ చూసింది ఒక పెద్ద ఆసుపత్రి వరండాలో. భ్రమరాంబ అక్కడ కొత్త పరీక్ష యంత్రం ప్రారంభానికి వచ్చింది. పూలగుత్తి చేతిలో పట్టుకుని లిఫ్టు వైపు నడుస్తుంటే ఆకుపచ్చ యూనిఫాంలో తవిటమ్మ కనిపించింది. ఒళ్లు కాస్త నిండింది. ముఖం నున్నగా, ప్రశాంతంగా ఉంది. భ్రమరాంబకు ప్రాణం లేచివచ్చినట్టయింది.

"బాగున్నావా తవిటమ్మా? మౌనిక ఏం చదువుతోంది?"

"మౌనిక నేదమ్మా. సచ్చిపోనాది. వానల్లో జొరమొచ్చింది." తవిటమ్మ మాప్‌ను బకెట్లో ముంచి పిండింది. "అటు జరగమ్మా. తడిగుంది, జారిపోతావు."

భ్రమరాంబ జరగలేదు. "ఎప్పుడు? నువ్వు వెళ్లావా?"

"నేదమ్మా. పోన్ వచ్చింది. మాయమ్మ ఏడ్సింది. ఇన్నాను. ఆ రోజు డూటీ ఉంది మరి. ఎల్లాలనిపించనేదు."

"వెళ్లాలనిపించలేదా? బెంగ లేదా నీకు?"

ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువును వెతుక్కుంటున్నట్టు తవిటమ్మ కాసేపు ఆలోచించింది. "బెంగ నేదమ్మా. మా ఆస్టల్లో ఎవరికీ బెంగ నేదు. పొద్దుటేల టిపినీతో బలం మాత్ర ఇస్తారు. సూపరేజరు ముందే మింగీయాల. బాగుంటాది. ఆకలేస్తాది, నిద్రడతాది."

పూలగుత్తి చేతిలోంచి జారిపోయిన సంగతి భ్రమరాంబకు తెలియలేదు. తవిటమ్మ వంగి, రాలిన రేకులన్నీ ఏరి చెత్తబుట్టలో వేసి, ఆ చోటు మళ్లీ తుడిచింది. భ్రమరాంబ సంచిలోంచి దూది తీసి కర్ర పిడిని తుడిచి దాచుకుంది. అప్పుడు కూడా తవిటమ్మ ఎందుకని అడగలేదు.

*

ఫలితం చూసి యోహాను యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టాడు. "సున్నా వస్తోంది మేడమ్. సున్నా ఎవరికీ రాకూడదు కదా."

ఎవరికీ రాదు. కూతురి పరీక్షల గురించి కంగారుపడే తల్లికి కొద్దిగా ఉంటుంది. ఇంటి వాయిదా కట్టేవాడికి ఇంకాస్త ఉంటుంది. ఏమీ లేకుండా బతికే మనిషంటూ ఉండడు. కానీ గీత ఒక హద్దుకు లోబడి ఉంటే ఆకుపచ్చ దీపం వెలగాలని వాళ్లే యంత్రానికి నేర్పారు. సున్నా ఆ హద్దుకు లోపలే ఉంది. ధవళ సర్వీసెస్ పాత ఫలితాలు తీసి చూస్తే చాలాకాలంగా అన్నీ సున్నాలే.

యోహాను వాళ్లిద్దరూ కలిసి రాసిన మొదటి పరిశోధన వ్యాసం తెర మీద తెరిచాడు. చివరి పేజీలో ఎలుకల మీద చేసిన ప్రయోగం ఉంది. ఒంట్లో నిర్బంధిన్ తయారవకుండా అడ్డుకునే ఒక పదార్థాన్ని కనిపెట్టి, పోల్చి చూడటానికి కొన్ని ఎలుకలకు ఇచ్చారు. వాటి బోను తలుపు తెరిచి ఉంచినా అవి బయటికి వెళ్లలేదు. ఒక తల్లి ఎలుక గూట్లోంచి జారిపడ్డ పిల్లను తిరిగి నోట కరుచుకోలేదు. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసి, ఆసక్తికరమైన విషయమని వదిలేశారు. ఆ పదార్థం ఎలా తయారుచేయాలో మాత్రం పూర్తిగా రాశారు.

"చదివినవాళ్లెవరో బాగానే చదివారు" అన్నాడు యోహాను.

ఆ పదార్థం ఫ్రిజ్‌లో ఇంకా ఉంది. మర్నాడు పొద్దున భ్రమరాంబ దాన్ని తూచి నీళ్లలో కలుపుకుంది.

"మేడమ్, మీరు చేసేది తప్పు. ఎవరి అనుమతీ లేదు."

"తవిటమ్మ అనుమతి ఎవరడిగారు యోహానూ? కూతురు పోయిందని విన్నప్పుడు ఆమె లోపల ఏం జరిగిందో నాకు తెలియాలి. ఎలుకలు చెప్పలేవు." తాగేసింది.

గంట గడిచాక చెవుల్లో ఏదో రొద ఆగిపోయినట్టనిపించింది. అంతవరకు ఆ రొద ఉందనే ఆమెకు తెలియదు. పని చకచకా సాగింది. ఆకలి వేసింది. యోహాను అడిగినప్పుడల్లా "హాయిగా ఉంది" అని చెప్పింది. అది నిజమే.

మధ్యాహ్నం భర్త సదాశివ ఫోన్ చేశాడు. కూతురు మేఖల కాలేజీ నుంచి వస్తుంటే ఆటో గుద్దిందట. తలకు దెబ్బ. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. భ్రమరాంబ ప్రతి మాటా విన్నది. "సరే, వస్తున్నాను" అంది. చేతిలో ఉన్న టీ పూర్తిగా తాగింది. కప్పు కడిగి బోర్లించింది. గొట్టాల మీద చీటీలు అంటించడం మిగిలిపోతే అదీ చేసింది. యోహాను గుమ్మంలో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. అతనే కారు తీశాడు.

ఆసుపత్రిలో మేఖల తలకు కుట్లు వేశారు. ప్రమాదం లేదన్నారు. భ్రమరాంబ మంచం పక్కన కూర్చుని పైన ఫ్యాను రెక్కల మీద దుమ్ము పేరుకుందని గమనించింది. మేఖల దుప్పటి కిందనుంచి చెయ్యి చాచింది. ఆ చెయ్యి కాసేపు మంచం అంచు మీద అలాగే ఉండి, తిరిగి లోపలికి వెళ్లిపోయింది. సదాశివ భార్య ముఖంలోకి చూశాడు. "నీకేమైంది?" అన్నాడు మెల్లగా, తోడుగా వచ్చిన పరాయి మనిషిని అడిగినట్టు.

ఆ రాత్రే మేఖలను ఇంటికి పంపేశారు. తెల్లారి వంటింట్లో పాలు కాస్తుండగా మందు దిగిపోయింది. ఆటో గుద్దిన చప్పుడు, తాను వినని చప్పుడు, చెవిలో పగిలింది. నేల మీద కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. తలకట్టుతో మేఖల వచ్చి పక్కన కూర్చుంది.

"నిన్న నన్ను పక్కింటావిడ చూసినట్టు చూశావమ్మా" అంది.

భ్రమరాంబ ఆ పిల్లను పట్టుకుని వదల్లేదు. తనకైతే పిల్ల ఉంది, పట్టుకోవడానికి. మాత్ర ఆపిన రోజున తవిటమ్మ ఎవరిని పట్టుకుంటుంది?

*

ధవళ సర్వీసెస్ యజమాని ఫణీంద్ర ఆమెకు మర్యాదగా కాఫీ తెప్పించాడు. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"మాత్ర సంగతి నేను దాచను మేడమ్. విటమిన్ కింద అనుమతి ఉంది. మా హాస్టల్‌కి తాళం లేదు, వెళ్లి చూసుకోండి. కొట్టేవాడు లేడు, తిట్టేవాడు లేడు. వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లొచ్చు. ఎవరూ వెళ్లటం లేదు."

"వాళ్ల కార్డులు?"

"భద్రంగా మా దగ్గరే ఉన్నాయి. అడిగితే ఇస్తాం. ఎవరూ అడగలేదు."

"జీతం?"

"అదీ అడగలేదు."

ఆమె ముట్టని కప్పును అతను కాస్త పక్కకు జరిపాడు. "మీరు భయాన్ని నేరం చేశారు. భయం కనిపిస్తే కేసన్నారు. మేం భయం లేకుండా చేశాం. ఇంకా ఏం కావాలంటారు? మీ యంత్రం ఆకుపచ్చ చూపించినంతకాలం నా గేటు లోపలికి ఏ అధికారీ అడుగుపెట్టడానికి లేదు. ఆ నియమం రాసిన కమిటీలో మీరూ ఉన్నారు కదా."

సాయంత్రం ప్రయోగశాలలో నసీమా, యోహాను, ఆమె కూర్చున్నారు. దారి ఒకటే ఉందని నసీమా చెప్పింది. యంత్రం కనిపెట్టిన మనిషే కోర్టుకు వచ్చి, ఆకుపచ్చను నమ్మడానికి వీల్లేదని ప్రమాణం చేసి చెప్పాలి. అప్పుడు ధ్రువపత్రం చెల్లదు. తను లోపలికి వెళ్లగలదు.

"ఆకుపచ్చ నమ్మకూడదంటే ఎరుపు మాత్రం ఎలా నమ్మాలని లాయర్లు అడుగుతారు" అన్నాడు యోహాను. "ఈ పరీక్ష మీద జైలుకు పోయినవాళ్లంతా బయటికి వస్తారు. తవిటమ్మని గోడౌన్లో పెట్టి తాళం వేసినవాడు కూడా. యంత్రాన్నే మార్చుదాం మేడమ్. సున్నా వస్తే ఎరుపు చూపించేలా చేద్దాం."

"అప్పుడు వాళ్లు మోతాదు తగ్గిస్తారు. సున్నా కాకుండా కొంచెం వచ్చేలా చేస్తారు. మనం మళ్లీ మారుస్తాం, వాళ్లూ మారుస్తారు. ఈ ఆట ఆడినంతకాలం దాన్ని మింగేది ఎవరు?"

"ఎంతమంది బయటపడ్డారో మర్చిపోతున్నారు మీరు."

"మర్చిపోలేదు యోహానూ."

భ్రమరాంబ ప్రమాణపత్రం మీద సంతకం పెట్టిన వారంలోనే పరీక్షను నిలిపివేశారు. ప్రయోగశాలకు వచ్చే నిధులు ఆగిపోయాయి. యోహాను తాళంచెవులు బల్ల మీద పెట్టి, వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అతను చెప్పినట్టే పాత కేసులు ఒక్కొక్కటిగా తిరగబడ్డాయి. గాజువాక కంట్రాక్టరు బెయిలు మీద బయటికి వచ్చి, వ్యాను మీద కొత్త పేరు రాయించుకున్నాడు.

*

హాస్టల్ తలుపుకు నిజంగానే తాళం లేదు. నసీమా లోపలికి వెళ్లేసరికి ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఉప్మా తింటున్నారు. మీరంతా మాతో రావాలంటే ఒకామె, "ఎందుకండీ? డూటీకి లేటవుతాది" అంది. బలవంతపెట్టాల్సిన అవసరం రాలేదు. వ్యాను ఎక్కమంటే ఎక్కారు. ఎవరు ఏ వ్యాను ఎక్కమన్నా ఎక్కేవారే.

ఆ రోజే వాళ్ల వాంగ్మూలం తీసుకున్నారు. ఇబ్బంది ఏమైనా ఉందా అంటే లేదన్నారు, ఒక్కొక్కరూ, నవ్వుమొహాలతో. ఫణీంద్ర లాయరు అంతకంటే ఏం కావాలన్నాడు. మందు ఒంట్లోంచి పోయాక మరొక్కసారి అడగాలని నసీమా పోరితే మేజిస్ట్రేటు ఒప్పుకున్నాడు. అప్పుడు కూడా అదే మాటంటే కేసు అక్కడితో సరి.

వాళ్లను ఉంచిన వసతిగృహంలోనే భ్రమరాంబ కూడా ఉండిపోయింది. కొత్తగా చేరినవాళ్లకు ముందు దిగింది మందు. ఒకామె మంచం కిందకి దూరి ఎంత పిలిచినా రాలేదు. ఇంకొకామె భర్త పేరు పెట్టి పిలుస్తూ గేటు వైపు పరుగెత్తింది. కంపెనీలో చాలాకాలంగా ఉన్న తవిటమ్మకు మాత్రం ఏమీ కాలేదు. ఆమె అందరికీ గ్లాసులతో నీళ్లు అందిస్తూ, నేల తుడుస్తూ తిరుగుతోంది.

పట్టుకున్న మాత్రల్లోంచి ఒకటి భ్రమరాంబ తన దగ్గర ఉంచుకుంది. మందు ఒక్కసారిగా ఆపలేనివాళ్లకు కొద్దికొద్దిగా ఇవ్వవచ్చని అక్కడికి వచ్చే డాక్టరు చెప్పాడు. ఇస్తూ పోతే తవిటమ్మకు మందు దిగే రోజు ఎప్పటికీ రాకపోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. ఆమె నిద్రపోతుంది, తింటుంది, నవ్వుతుంది. సంచిలో ఆ మాత్రను తడుముకున్నప్పుడల్లా భ్రమరాంబకు తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా పారేయలేదు.

ఒక మధ్యాహ్నం తవిటమ్మ తీగ మీద ఆరిన బట్టలు తీసి మడతపెడుతోంది. ఒక చిన్న తువ్వాలు చేతిలోకి వచ్చాక ఆగిపోయింది.

"అమ్మా" అంది. "మా మౌనికకి జొరమొచ్చింది గదా."

భ్రమరాంబ లేచి నిలబడింది. "అవును తవిటమ్మా."

"మరి నాను ఎల్లనేదేటి?"

తవిటమ్మ తువ్వాలును విప్పింది, మడిచింది, మళ్లీ విప్పింది. "మాయమ్మ పోన్ల ఏడ్సింది. రాయే రాయే అన్నాది. నాను పోన్ ఎట్టీసి బాత్రూములు కడిగినాను. నాను ఎల్లనేదేటమ్మా? నా గుంట, నా పిల్ల, నన్నడిగుంటాది గదా. ఎల్లనేదేటి నాను?" అడిగిన కొద్దీ ఆమె గొంతు మారిపోయింది. ఆఖరికి మాట పోయి శబ్దం మిగిలింది. వసతిగృహంలో ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. ఆమె నేల మీద పడి పొట్టను రెండు చేతులా పట్టుకుంది. పొద్దు వాలేదాకా భ్రమరాంబ ఆమెను ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

కొంత తెరిపి వచ్చాక తవిటమ్మ భ్రమరాంబ మణికట్టు పట్టుకుంది. "ఆ మాత్ర నీకాడుందా? ఒక్కటియ్యమ్మా. ఒక్కటి."

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు. సంచిలోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టింది. "నీ ఇష్టం. నేను వద్దనను."

తవిటమ్మ దాని వైపు చూసింది. "ఇది మింగితే పిల్ల మొకం మర్సిపోతానా?"

"మర్చిపోవు. మొహం గుర్తుంటుంది. గుర్తొచ్చినా ఏమీ అనిపించదు."

చాలాసేపు ఆమె గుప్పెట మూసే ఉంచింది. చెమటకు మాత్ర కరిగి గుప్పెట సందుల్లో తెల్లగా అంటుకుంది. "ఒద్దమ్మా" అంది చివరికి, చెయ్యి చీరకు తుడుచుకుని. "ఇప్పుడే వచ్చింది నా గుంట."

మేజిస్ట్రేటు ముందు ఆమె వంతు వచ్చినప్పుడు ఫణీంద్ర లాయరు లేచి నిలబడి, కంపెనీలో ఎవరైనా కొట్టారా అని అడిగాడు.

"కొట్టనేదు బాబూ."

"గదిలో పెట్టి తాళం వేశారా?"

"నేదు."

"వెళ్తానంటే వద్దన్నారా?"

"ఎల్తానని నాను అననేదు."

లాయరు చాలు అన్నట్టు చేతులు విప్పి కూర్చోబోయాడు. తవిటమ్మ బోనులోంచి దిగలేదు. "నా గుంట సచ్చిపోతే నన్ను ఏడవనియ్యనేదు బాబూ" అంది. "కొడితే ఏడుద్దును. తాళం ఏస్తే తలుపు బాదుదును. ఈలు నాకు ఏడుపే నేకుండా సేసీసినారు. నా సేతులు ఆల నేల తుడిసినాయి, నాను మాత్రం అక్కడ నేకపోనాను. నాను ఎక్కడున్నానో నాకే తెల్దు." ఆమె మాటలు రాస్తున్న గుమాస్తా కాసేపు చేతులు ఆపి తల ఎత్తాడు. రాయమని మేజిస్ట్రేటు అతనికి గుర్తు చేశాడు.

కేసు నిలబడింది. ఫణీంద్రను రిమాండుకు పంపారు. మాత్ర తయారుచేసినవాళ్ల కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. అలాంటి మాత్రలు వేరే ఊళ్లలో వేరే రంగుల్లో దొరుకుతున్నాయని నసీమాకు కబుర్లు వస్తూనే ఉన్నాయి. భ్రమరాంబకు ఇప్పుడు ప్రయోగశాల లేదు. ఆమె నసీమాతో కలిసి హాస్టళ్లకు, గోడౌన్లకు వెళ్లి, నేల మీద కూర్చుని, మనుషులతో మాట్లాడుతోంది. పని మెల్లగా సాగుతుంది. చాలామంది ఏమీ చెప్పరు.

తవిటమ్మను ఊరికి ఆమే తీసుకెళ్లింది. పార్వతీపురంలో బస్సు దిగి ఆటోలో వెళ్లేసరికి ఎండ ముదిరింది. కూతుర్ని దూరంనుంచి చూసిన ముసలమ్మ లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. "పిల్ల కొనూపిరితో నీకోసం సూసినప్పుడు రానేదు. ఇప్పుడొచ్చినావేటే" అని లోపలినుంచే అంది. తవిటమ్మ ఏ మాత్ర గురించీ ఎత్తలేదు. ఊరి చివర పిల్లను పూడ్చిన మట్టికుప్ప ఎక్కడుందో పక్కింటివాళ్లను అడిగి తెలుసుకుని అక్కడికి వెళ్లింది. ఆ మట్టి అప్పటికే గట్టిపడి గడ్డి మొలిచింది. తవిటమ్మ దాని మీద వాలిపోయి, పిల్ల ఆ పూటే పోయినట్టు ఏడ్చింది.

ఆ ఏడుపు ఊళ్లోకి వినిపించింది. కాసేపటికి ముసలమ్మ ఇంటి తలుపు తెరుచుకుంది. ఆమె గోడ పట్టుకుంటూ, తడబడుతూ, కూతురి వైపు నడిచి వచ్చింది.